చెరిపి మళ్ళీ రాసే కార్డు

మా చర్చి యూత్ పిల్లలు ఈ ఏడాది ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. రిటైరైన పెద్దలు తమ ఉద్యోగంలో గుర్తుండిపోయిన సంగతి ఒకటి రాసివ్వాలట. "అంకుల్, మీరు పార్కులో పాసుల పద్ధతి మార్చేరు కదా, దాని గురించి రాయండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్ళకి పనికొస్తుంది" అన్నారు. సరే అన్నాను. దాని గురించే రాస్తున్నాను. కాకపోతే వాళ్ళు అనుకున్న సంగతి ఇది కాదు. అచ్చు వేస్తారో మానేస్తారో వాళ్ళ ఇష్టం.

అనకాపల్లి దాటాక హైవే పక్కన ఉండేది మా పార్కు. ఒక జెయింట్ వీలు, బొమ్మ రైలు, నీళ్ళలోకి జారే గొట్టాలు, అలలు పుట్టించే కొలను. ఇవాళ్టి లెక్కలో పెద్దదేం కాదు గాని, రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్ళలో చోడవరం నుంచీ నర్సీపట్నం నుంచీ జనం వ్యాన్లు కట్టించుకుని వచ్చేవారు. నేను అంతకు ముందు ఊళ్ళో ఒక సినిమా హాల్లో బుకింగ్ క్లర్కుని. ఇరవై రెండేళ్ళు చేశాక ఆ హాలు మూసేశారు. యాభై దాటినవాడికి ఎవరు ఉద్యోగం ఇస్తారు? టిక్కెట్లు అమ్మిన చెయ్యి కదా అని పార్కు వాళ్ళు ఇచ్చారు. రెండేళ్ళు తిరిగేసరికి ఏడాది పాసుల కౌంటరుకి ఇన్‌చార్జిని చేశారు. ఆ కుర్చీ పోతుందేమోనన్న భయం నాకు మొదటి రోజు నుంచీ ఉంది. ఈ కథంతా ఆ భయం చేసిందే అని తప్పించుకోవచ్చు గాని, భయం ఉన్నవాళ్ళందరూ నేను చేసిన పని చెయ్యరు.

మొదట్లో పాసంటే అట్టముక్క మీద కుటుంబం ఫోటో అంటించి లామినేషన్ చేసిన కార్డు. ఏడాది కాగానే అది చెత్త. మళ్ళీ ఫారం, మళ్ళీ ఫోటో, మళ్ళీ సంతకం. నూకాలమ్మ జాతర రద్దీ, వేసవి సెలవులు ఒకదాని వెనక ఒకటి వచ్చేసరికి మా క్యూ గేటు దాటి రోడ్డు మీదికి పోయేది. చంటిపిల్లలు ఎండకి గుక్కపెట్టేవారు. ఒకసారి రావికమతం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫారం నా మొహాన విసిరాడు. "పోయినేడు సెప్పిన పేరే కదేటి బాబూ నాది! ఏడాదికోపాలి పేరు మారతాదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ రాత్రి ఇంటికెళ్ళి అదే ఆలోచించాను. ఆయన అన్నది న్యాయం.

అప్పుడే విశాఖలో మిషన్లు అమ్మే ఒకాయన మాకో వస్తువు చూపించాడు. వేడి తగిలితే కార్డు మీది అచ్చు చెరిగిపోతుంది. అదే కార్డు మీద మళ్ళీ కొత్తగా అచ్చవుతుంది. అచ్చు ఒక్క నీలిరంగులోనే వచ్చేది గాని, ఫోటో బాగా తెలిసేది. కౌంటరు మీద చిన్న కెమెరా. ఇంటిల్లిపాదీ వచ్చి నిలబడితే ఒక ఫోటో, పాత కార్డు మిషన్లో పెడితే కొత్త ఏడాది పాసు బయటికి. ఫారం లేదు, అట్ట లేదు. "పిల్లలు ఎదుగుతారు కదండీ, ఏడాదికో కొత్త ఫోటో పడుతుంది" అని మేనేజరుగారిని ఒప్పించాను. పాసు ఇక వద్దనుకున్నవాళ్ళు కార్డు తిరిగి ఇచ్చేస్తే పిల్లలకి ఐస్‌క్రీం ఇచ్చేవాళ్ళం. ఆ కార్డు చెరిపి ఇంకొకళ్ళకి వాడేవాళ్ళం. ఐస్‌క్రీం ఆలోచన కూడా నాదే. పిల్లలే తల్లిదండ్రుల జేబుల్లోంచి కార్డులు లాక్కొచ్చి ఇచ్చేవారు.

నా పక్క కుర్చీలో కంప్యూటర్ ఆపరేటరు ఒకమ్మాయి ఉండేది. నక్కపల్లి దగ్గర పల్లె. తండ్రిది కొంచెం చెరకు, కొంచెం వరి. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, రోజూ హైవే బస్సెక్కి డ్యూటీకి వచ్చేది. కీబోర్డు వంక చూడకుండా టైపు కొట్టేది. నేను ఒక్క వేలితో అక్షరం వెతుక్కుంటూ ఉంటే, జనం ముందు నా పరువు పోకుండా, "సార్, మీరు పేరు చెప్తూ ఉండండి, నేను కొడతాను" అనేది. నేను పాస్‌వర్డు మర్చిపోయిన రోజు అడగకముందే చీటీ మీద రాసి నా వైపు జరిపేది. నా కూతురి ఈడు పిల్ల.

కొత్త పద్ధతి పెట్టిన రెండో వేసవిలో కంప్యూటరు ఆదివారాలు నత్తలా నడవడం మొదలెట్టింది. లోపల ఫోటోలు నిండిపోయాయని ఆ అమ్మాయి చెప్పింది.

"గడువైపోయినవాళ్ళ ఫోటోలన్నీ తీసెయ్యి" అన్నాను.

"తీసేద్దాం సార్. ముందు సీడీల్లోకి ఎక్కించి పెడతాను. ఒక్క రోజు పని."

"ఒక్క రోజు కౌంటరు ఆగితే క్యూ ఎక్కడికి పోతుందో తెలుసా? పాత ఫోటోలు ఎవరిక్కావాలి?"

"ఏమో సార్. ఎవరైనా అడుగుతారేమో."

"అడిగినప్పుడు చూద్దాం. తీసెయ్."

నా మాట మీద తీసేసింది. కంప్యూటరు పరిగెత్తింది. చూశావా అన్నట్టు ఆ అమ్మాయి వంక చూశాను.

నెల తిరక్కుండానే ఒక గురువారం, జనం పల్చగా ఉన్న వేళ, ఒకావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. మెడ బోసిగా ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి మా కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది.

"బాబూ, ఇందులో బొమ్మ పెద్దది సేసి ఇత్తారేటి?"

కార్డు తీసి చూశాను. నీలిరంగు ఫోటోలో ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒక మగమనిషి నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. చంకలో మూడేళ్ళ పాప. ఆ పాప తండ్రి చెవి పట్టుకుని లాగుతోంది. పక్కన ఈవిడే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"మాయాయన" అంది. "దేవరాపల్లిలో ఇస్కూలు వేను తోలీవోడు. పిల్లల్ని ఇక్కడికి తెచ్చినాడని మీవోళ్లే ఇచ్చేరు ఈ కార్డు. మూడుసార్లు వచ్చేం. పచ్చకామెర్లొచ్చి పోయేడు. మూడు నెలలైంది."

అయ్యో అన్నాను. అది మనస్ఫూర్తిగానే అన్నాను. వాళ్ళ పాక మొన్నటేడు కాలిపోయిందట, పెళ్ళి ఫోటోలన్నీ అందులోనే పోయాయట. మిగిలింది లైసెన్సు మీద ఉన్న బొమ్మొకటి.

"దాన్ని పెద్దది సేయించి గోడకి ఎట్టేను బాబూ. పాప సూసి 'ఈయన నాన్న కాడు' అంటంది. నిజమే, అందులో ఆయన పోలీసోడి ఎదర నిలబడ్డట్టు బిగుసుకుపోయి ఉన్నాడు. ఇందులో నవ్వుతున్నాడు. ఇది సూపిత్తే నాన్న, నాన్న అంటంది. అందికే."

ఆ రోజు మా ఆపరేటరు సెలవు. నేనే రాజుని. "దానికేముందమ్మా, కంప్యూటర్లో ఉంటుంది. ఇంత పెద్దది తీయిస్తాను. కార్డు ఇచ్చి వెళ్ళండి, వచ్చే గురువారం రండి" అన్నాను. అది గడువైపోయిన కార్డని, అలాంటివాళ్ళ ఫోటోలు తీసేయించానని ఆ నిమిషంలో నాకు తట్టనే లేదు.

ఆవిడ కార్డు మీద చెయ్యి తియ్యలేదు. "కార్డు ఇక్కడ ఒగ్గీసి ఎల్లాలా బాబూ?"

"భయం లేదమ్మా. నా దగ్గర ఉంటుంది."

ఒగ్గేసి వెళ్ళింది. నేను దాన్ని సొరుగులో పెట్టాను.

ఆదివారం విపరీతమైన రద్దీ. మధ్యాహ్నానికి ఖాళీ కార్డులు అయిపోయాయి. ఆపరేటరు కెమెరా దగ్గర ఉంది. "సార్, కార్డులు" అని కేకేసింది. తిరిగి వచ్చిన కార్డులు నేను ఆ సొరుగులోనే వేసేవాణ్ణి. గుప్పెళ్ళతో తీసి ఒక్కొక్కటీ మిషన్లో పెట్టాను. తెల్లగా బయటికి వస్తున్నాయి. వచ్చింది వచ్చినట్టు ఆ అమ్మాయికి అందించాను. నలభై దాకా ఉంటాయి. ఒక్కదాని మొహమైనా చూడలేదు. సాయంత్రానికి ఆ నలభై కార్డుల మీదా కొత్త కుటుంబాలు నిలబడి నవ్వుతూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాయి.

మంగళవారం ఉదయం ఖాళీ సొరుగు తెరిచేసరికి ఆవిడ కార్డు గుర్తొచ్చింది. ఆ అమ్మాయికి చెప్పాను. ఆవిడ పేరు కొట్టి వెతికింది. మళ్ళీ వెతికింది.

"సార్, ఇవి మనం తీసేసేం కదా."

"వెనక్కి తెచ్చే ఉపాయం ఏదైనా ఉంటుందేమో చూడు."

తను కోర్సు చదివిన చోటికి ఫోన్ చేసి, వాళ్ళ మాస్టారు చెప్పినట్టల్లా భోజనం మానేసి ప్రయత్నించింది. వాటి స్థానంలో అప్పటికే కొత్త ఫోటోలు వేలకొద్దీ ఎక్కిపోయాయి. ఏమీ రాలేదు.

"గురువారం ఆవిడొచ్చినప్పుడు చెప్పేద్దాం సార్" అంది. "నేనూ పక్కనే ఉంటాను."

"చెప్దాం, చెప్దాం" అన్నాను.

సరిగ్గా ఆ వారమే మేనేజరుగారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయనది విజయవాడ వైపు. మనిషి మంచివాడే. పనిమీద తప్ప మనుషుల మీద ధ్యాస ఉండేది కాదు. "ఓనరుగారు హైదరాబాద్ నుంచి వస్తున్నారండీ. మన పాసుల పద్ధతి వాళ్ళ రెండో పార్కులో కూడా పెడతారట. మీకు సన్మానం చేస్తామన్నారు. కౌంటరు గురించి చిన్న కంప్లయింటు కూడా రాకుండా చూసుకోండి" అన్నారు. సినిమా హాలు మూసిన రోజున తాళం చేత్తో పట్టుకుని ఏడ్చినవాణ్ణి నేను. సన్మానం అనే మాట నాకు ఎంత తియ్యగా వినబడిందో మీకు చెప్పలేను.

గురువారం ఆవిడ వచ్చింది. దేవరాపల్లిలో బస్సెక్కి, చోడవరంలో మారి, అనకాపల్లిలో దిగి, అక్కణ్ణించి షేర్ ఆటో.

"మిషన్ పాడైందమ్మా" అన్నాను. "హైదరాబాద్ నుంచి మనిషి రావాలి."

పక్కన కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. నేను అటు చూడలేదు.

"అలాగే బాబూ. కార్డు జాగర్త" అని వెళ్ళిపోయింది.

ఆ పై గురువారం, మనిషి వచ్చాడు గాని సామాను తేలేదని చెప్పాను. అబద్ధానికి కూడా పనితనం కావాలి. నాది నానాటికీ మెరుగయింది. ఆ తర్వాతి గురువారం వచ్చినప్పుడు ఆవిడ చేతిలో ఒక మూట ఉంది. "మా అన్నదమ్ముల సెరుకుది బాబూ. కొత్త బెల్లం. మీరింత సెరమ పడతన్నారు" అంది. వద్దనాలి. వద్దంటే ఎందుకు వద్దంటున్నానో నాకు నేను చెప్పుకోవాల్సి వస్తుంది. తీసుకున్నాను. ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆవిడ దాంతో పరమాన్నం చేసింది. తిన్నాను.

ఆ రోజు బెల్లం ఇచ్చి ఆవిడ గేటు దాటాక ఆపరేటరు నెమ్మదిగా అంది: "సార్, ఇలా ఎన్ని వారాలు తిప్పుతారు?"

"ఫంక్షన్ అయిపోనీ. అయ్యాక నేనే చెప్తాను."

"పాపం సార్, రెండు బస్సులు మారి వస్తోంది."

"నాకు తెలీదా?" అని కసిరాను. అంత గట్టిగా ఆ పిల్లని నేనెప్పుడూ అనలేదు.

ఆ నెల మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు; తప్పు దాచుకున్నవాడు వాటిని ముట్టకూడదంటారు. ఆదివారం నాకు డ్యూటీ కాబట్టి పొద్దున్న మొదటి ఆరాధనకే వెళ్ళేవాణ్ణి. రొట్టె పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. చెయ్యి లేవలేదు. పక్కవాళ్ళకి అందించేశాను. బయటికొచ్చాక మా ఆవిడ, "ఏటండీ, బల్ల తీసుకోలేదేటి?" అంది. "జలుబు చేసింది" అన్నాను. దేవుడి గుమ్మంలోనే ఇంకో అబద్ధం. అక్కణ్ణించి నేరుగా డ్యూటీకి వెళ్ళి, కౌంటరు తీసి, వచ్చినవాళ్ళకి నవ్వుతూ పాసులు ఇచ్చాను.

ఫంక్షన్ జనం తక్కువుండే రోజున పెట్టారు. అంటే గురువారం. కొలను పక్కన షామియానా వేశారు. ఓనరుగారు మైకు పట్టుకుని, "ఒక సినిమా హాలు గుమాస్తా మన పార్కుకి దారి చూపించాడు. కార్డు పారెయ్యక్కర్లేదు, మనిషి ఎండలో నిలబడక్కర్లేదు" అని పొగిడారు. శాలువా కప్పారు. చప్పట్లు. ఆపరేటరమ్మాయి పూలగుత్తుల పళ్ళెం పట్టుకుని ఒక వార నిలబడి ఉంది. తర్వాత ఓనరుగారికి కౌంటరు చూపిద్దామని అందరం నడిచాం. కౌంటరు దగ్గర ఆవిడ ఉంది. ఈసారి పాపని కూడా తీసుకొచ్చింది.

"ఇవాళ కాదమ్మా, తర్వాత రా" అంటున్నాడు వాచ్‌మన్.

"ఎన్నిసార్లు రమ్మంటారు బాబూ? పాపకి సూపిత్తానని మాటిచ్చి తెచ్చేను" అంటోంది ఆవిడ. గొంతు కొంచెం పెరిగింది. ఓనరుగారికి వినబడింది.

ఆయన దగ్గరికెళ్ళి, ఏమిటమ్మా అని అడిగారు. ఆవిడ మొదట్నించీ అంతా చెప్పింది. తప్పు పట్టినట్టు చెప్పలేదు. "ఈ బాబు మంచోడు, మిషనే బాగవట్లేదు" అంది. ఓనరుగారు మేనేజరు వంక చూశారు. మేనేజరు నా వంక చూశారు.

"ఏదండీ ఆ కార్డు?"

ఆ క్షణం నాకు ఇప్పటికీ పూర్తిగా గుర్తుంది. 'నేను చెరిపేశాను' అనడానికి రెండు మాటలు చాలు. నేను అన్నది వేరు.

"అవన్నీ మా ఆపరేటరు చూసుకుంటుందండీ."

అంతే. అందులో అబద్ధం ఎక్కడుందో ఎవరూ చూపించలేరు. ఆ అమ్మాయి పళ్ళెం పట్టుకునే నా వైపు తిరిగింది. కోపంగా చూడలేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. నేను జారిపోతున్న శాలువా సర్దుకున్నాను.

"ఏమ్మా, కార్డేదీ?" అన్నారు మేనేజరు.

"చెరిగిపోయింది సార్."

"కంప్యూటర్లో?"

"తీసేసేం సార్."

'తీసేసేం' అంది. ఎవరు, ఎవరి మాట మీద అని ఎవరూ అడగలేదు. తనూ చెప్పలేదు.

"సెరిగిపోయిందా?" అంది ఆవిడ. నెమ్మదిగా కౌంటరు కింద నేల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. పాప తల్లి భుజం పట్టుకుని, "అమ్మా, నాన్న బొమ్మేదీ?" అని అడిగింది. అడిగిందే మళ్ళీ అడిగింది.

ఓనరుగారు మేనేజరు వైపు తిరిగారు. "వీళ్ళిద్దరికీ జీవితాంతం ఫ్రీ పాసు ఇచ్చెయ్యండి" అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. మేనేజరుగారు తొందరపెట్టారు. ఆవిణ్ణి లేవదీసి కెమెరా ముందు నిలబెట్టారు. ఆపరేటరు కదల్లేదు. ఆ ఫోటో తీసింది నేనే. ఒక చెరిపిన కార్డు తీసి, తల్లీపిల్లల బొమ్మ అచ్చువేసి, శాలువా భుజాన ఉండగానే రెండు చేతులతో ఆవిడకి అందించాను.

ఆవిడ దాని వంక చూసింది. అందులో ఇద్దరే ఉన్నారు. కార్డు కౌంటరు మీదే పెట్టేసి, పాపని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మేనేజరుగారు ఆపరేటరుని పిలిచి, రేపట్నించి రానక్కర్లేదన్నారు. తను టిఫిన్ బాక్సు, దువ్వెన, గొడుగు సంచిలో పెట్టుకుంది.

"నేను మేనేజరుగారితో మాట్లాడతాను" అన్నాను.

"మాట్లాడండి సార్" అంది. "వస్తాను."

మాట్లాడలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ రెండు నెలలు గడిచిపోయాయి. కొత్త అమ్మాయి వచ్చింది. ఒకరోజు తను సొరుగు శుభ్రం చేస్తూ, "సార్, ఇవెవరివి?" అని ఒక పాకెట్టు నా చేతికిచ్చింది. విప్పని సీడీలు. పైన పాత ఆపరేటరు చేతిరాతతో చీటీ: 'పాత పాసుల ఫోటోలు'. నేను వద్దనకముందే, ఒప్పుకుంటాననుకుని కొనిపెట్టుకుని ఉంటుంది. ఆ పాకెట్టు పట్టుకుని కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆ గురువారం సెలవు పెట్టి చోడవరం బస్సెక్కాను.

ముందు దేవరాపల్లి ఎందుకు వెళ్ళానంటే, తెలియని మనిషి ముందు తల వంచడం కొంచెం సులువు అనిపించి. అందులోనూ పిరికితనమే. స్కూల్లో అడిగితే ఇల్లు చూపించారు. కొత్తగా వేసిన రేకుల ఇల్లు. ఆవిడ నన్ను గుర్తుపట్టి, ముక్కాలిపీట వేసి, గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. గోడకి ఒక ఫోటో ఉంది. కొంచెం మసకగా, బాగా పెద్దది చేసినట్టుంది. వ్యాన్ కిటికీలోంచి ఒక మనిషి సగం బయటికి వంగి నవ్వుతున్నాడు. చుట్టూ పిల్లల చేతులు.

"ఇదెక్కడిదమ్మా?"

"మీ కంప్యూటర్ పిల్ల తెచ్చింది బాబూ. ఆ గొడవైన రెండ్రోజులకే వచ్చింది. తప్పు నాదే అక్కా, నేనే సెరిపేసేను అని ఇక్కడే కూకుని ఏడిసింది. తరవాత ఇస్కూలుకెల్లి, పిల్లలు పార్కు కాడ తీయించుకున్న ఫోటోలన్నీ ఎతికించి, ఒకదాంట్లో ఆయన్ని పట్టుకుంది. మూలకి ఉన్నాడు. వారం తిరక్కుండా పెద్దది సేయించి తెచ్చి ఇచ్చింది. పాప సూసి నాన్న అంది."

నేను నాలుగు గురువారాలు తిప్పిన పని, ఉద్యోగం పోయిన పిల్ల ఒక్క వారంలో చేసింది. గ్లాసు కింద పెట్టాను.

"చెరిపింది ఆ అమ్మాయి కాదమ్మా. నేను. ఫోటోలు తీయించిందీ నేనే. ఆ అమ్మాయి వద్దనే అంది."

ఆవిడ నేను కింద పెట్టిన గ్లాసు తీసి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది:

"నేను బెల్లం తెచ్చిన నాడు మీకు తెలుసా బాబూ?"

"తెలుసమ్మా."

తిట్టి ఉంటే బాగుండేది. "పాపా, లోపలికి రా" అని పిల్లని పిలిచి, తనూ లోపలికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. నేను కాసేపు ఆ గోడ మీది మనిషి ఎదురుగా కూర్చుని, లేచి వచ్చేశాను.

మర్నాడు మేనేజరుగారికి అంతా చెప్పాను. ఉద్యోగం పోయినా సరే అనుకునే వెళ్ళాను. ఆయన ఫైలు లోంచి తల ఎత్తి, "ఇప్పుడెందుకండీ అవన్నీ? కొత్తమ్మాయి బాగానే చేస్తోంది కదా" అన్నారు. పాత ఆపరేటరుని వెనక్కి పిలుస్తారా అంటే, "చూద్దాం" అన్నారు. నాకు శిక్ష కూడా దొరకలేదు. అదే కుర్చీలో, అదే శాలువా పేరుతో ఇంకో ఆరేళ్ళు చేసి రిటైరయ్యాను.

మేనేజరుగారికి చెప్పిన రెండో రోజు ఆదివారం. కౌంటరు కొత్త అమ్మాయికి అప్పగించి నక్కపల్లి వెళ్ళాను. పాత ఆపరేటరు బస్టాండు ఎదురుగా ఒక జిరాక్సు షాపులో టైపు చేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ తుడిచి వేసింది. పాత అలవాటు పోలేదు.

మేనేజరుగారికి చెప్పానన్నాను. దేవరాపల్లి వెళ్ళానని చెప్పాను. తలాడించింది. పార్కుకి మళ్ళీ రమ్మంటే, "వద్దులెండి సార్, ఇక్కడ బానే ఉంది" అంది. ఇప్పుడు కార్డు చెరిపే ముందు ఎవరి ఫోటో వాళ్ళకి కాగితం మీద తీసిస్తున్నారా అని అడిగింది. మొన్నటి నుంచి మొదలెట్టించానన్నాను.

"మంచిది సార్."

బయట బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. నేను అడగాలని వచ్చిన మాట ఇంకా నోటికి రాలేదు. చివరికి అడిగాను.

"ఆవిడకి నువ్వే చెరిపేవని ఎందుకు చెప్పేవమ్మా? నా పేరు చెప్పొచ్చు కదా?"

ఆ అమ్మాయి కీబోర్డు మీద దుమ్ము వేలితో తుడిచింది. నన్ను నొప్పించకుండా చెప్పే మాట కోసం వెతుకుతోందని తెలుస్తూనే ఉంది. దొరికినట్టు లేదు.

"ఎవరో ఒకళ్ళు వెళ్ళి క్షమించమని అడగాలి కదా సార్" అంది. "మీరు వెళ్ళరనుకున్నాను."